సమస్యాపూరణం: కంకి యుడుక నుడుక గట్టిపడియె

నిర్వాహకుడు: ఇచ్చిన పాదం చివర వచ్చేలా మిగతా మూడు పాదాలూ రాసి పద్యం పూర్తి చెయ్యాలి. ఈ వారం ఛందస్సు ఆటవెలది. మొక్కజొన్న కంకులు ఉడకబెడుతుంటే తట్టిన పాదం. ఉడికితే ఏదైనా మెత్తబడాలి కదా, మరి గట్టిపడటమేమిటి? ఆ చిక్కు మీరే విప్పాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన అక్షరం) కం–గ, వర్గయతి (రెండూ క-వర్గం అక్షరాలే), చూసుకోండి.

లేతగింజ:

లేత కంకి కేల లెక్కకు మించిన
మంట యనుచు నత్త మందలించె
వినని కోడలపుడు వెలవెల బోయెను
కంకి యుడుక నుడుక గట్టిపడియె

పాతకాపు: విషయం సరైనదే. లేత స్వీట్ కార్న్‌కి మరిగే నీళ్ళలో మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, అంతకు మించి వదిలేస్తే గింజ మీది తోలు బిరుసెక్కి పళ్ళకి అడ్డం పడుతుంది. కానీ 'అపుడు' పాదం నింపడానికి తెచ్చిన మాట, 'కోడలయ్యొ' అంటే గణం (లఘుగురువుల కూర్పు) చెడదు, జాలీ పలుకుతుంది. ఇంకోటి, అత్తాకోడళ్ళు లేకుండా మనకి పూరణ రాదా?

లేతగింజ: వాళ్ళు వెంటనే గణాల్లో ఒదిగిపోతారండీ, ఏం చెయ్యను! సవరణకి ధన్యవాదాలు.

పాతకాపు: సరే, నాదీ చూడండి.

కోసి మూడు నాళ్ళు గూటిలో నుంచిన
తీపి పోయి పిండి తిష్ఠ వేసె
ఎన్ని నీళ్ళు పోసి యెంతగా మరిగింప
కంకి యుడుక నుడుక గట్టిపడియె

కంకి కోసినప్పటి నుంచే అందులో చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది, వేడిగా ఉన్నచోట ఇంకా తొందరగా. అందుకే వెంటనే వండకపోతే పొట్టు తియ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. లేతదో కాదో తెలియాలంటే గింజని గోటితో నొక్కండి: పాలు చిమ్మితే లేత, ముద్దలా వస్తే ముదిరినట్టే.

నిర్వాహకుడు: రెండో పాదం నాకు బాగా నచ్చింది, 'తిష్ఠ వేసె' అనగానే పిలవని చుట్టం కళ్ళముందు కనిపించాడు. అయితే ఒక మాట, మామూలు మొక్కజొన్న ఐదు నిమిషాల్లో ఉడకదు, దానికి కుక్కరే దిక్కు. పైన రాసింది చదివి ఎవరైనా పచ్చి గింజలు కొరుకుతారేమోనని చెబుతున్నా.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నా, టెన్షన్‌గా ఉంది.

ఆకలాకలంచు నరుపులు మొదలిడ
నీరు పోసి ఉప్పు రుచికి వేసి
ఫోను మాటలందు పొద్దెంత పోయెనో
కంకి యుడుక నుడుక గట్టిపడియె

పాతకాపు: మూడో పాదం అదిరింది. రెండో పాదంలో నీ–రు యతి కుదరలేదు, పైగా 'పోసి ఉప్పు' విసంధి, అంటే సంధి చెయ్యాల్సిన చోట చెయ్యలేదు. 'నీట నుప్పు వేసి నిమ్మ పిండి' అనండి, రెండు తప్పులూ పోతాయి.

లేతగింజ: 'నిమ్మ పిండి' అంటే అదేదో కొత్త రకం పిండి అనుకుంటారు పాతకాపు గారూ!

పాతకాపు: అనుకోనివ్వండి, యతి మాత్రం తప్పదు.

పొరుగింటిపిట్ట: నేను కంకిని వదిలేసి ఇంకొకదాన్ని గట్టిపరిచాను.

పొరుగు వారు మేము పొయ్యి చుట్టును జేరి
పాత తగవు నెల్ల పక్క బెట్ట
నవ్వు నవ్వు గలిసి నడుమ మా చెలిమియే
కంకి యుడుక నుడుక గట్టిపడియె

నిర్వాహకుడు: ఆహా! కర్తని మూడో పాదం చివర పెట్టేసరికి సమస్యే లేకుండా పోయింది. 'నడుమ మా' కొంచెం తడబడింది కానీ ఈ వారానికి నా ఓటు దీనికే.

లేతగింజ: పద్యాలు సరే, పీచు వదిలించే ఉపాయం ఎవరూ చెప్పరేం? ఒక్కో పోగు ఒక్కో గింజకి అతుక్కుని ఉంటుందట, అందుకే అంత మొండి.

పొరుగింటిపిట్ట: పొట్టుతోనే మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాలు పెట్టి, మొదలు వైపు అడ్డంగా కోసి, గుడ్డతో కొస పట్టుకుని పిండండి. పీచంతా పొట్టులోనే ఉండిపోయి కంకి నున్నగా జారి వస్తుంది. ఆవిరి చురుక్కుమంటుంది, జాగ్రత్త.

కొత్తకలం: సవరించిన పద్యం ఇప్పుడే పెడదామని కూర్చున్నా, కానీ పొయ్యి మీద కంకులున్నాయి, ఎనిమిది నిమిషాలైంది. వస్తా!