31 ఏళ్లు తొక్కిన సైకిల్‌కి బొమ్మ గీయలేకపోయాను, ఎందుకని?

ప్రశ్న – పాత పోస్ట్‌మ్యాన్

31 ఏళ్లు సైకిల్ మీద తిరిగి ఉత్తరాలు పంచినవాణ్ణి. మొన్న ఆదివారం రెండో తరగతి చదివే మనవడు సైకిల్ బొమ్మ వేసిపెట్టమన్నాడు. ఇదెంత పని అని పెన్సిల్ అందుకున్నాను. చక్రాలు, సీటు, గంట, వెనక క్యారియర్ చకచకా వచ్చేశాయి. చైను దగ్గర చెయ్యి ఆగింది. ఆగినా ఒప్పుకుంటానా? ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దర్జాగా తగిలించేశాను. వాడు కాసేపు చూసి, “మరి హ్యాండిల్ ఎలా తిరుగుతుంది తాతయ్యా?” అన్నాడు.

ఆ చైను ఊడితే వానలో, బురదలో కూర్చుని ఎన్ని వందలసార్లు ఎక్కించుకున్నానో! ఖాకీ చొక్కాకి గ్రీజు మరకలు చేసుకొచ్చి ఇంట్లో తిట్లు కూడా తిన్నాను. ఇది మతిమరుపా, లేక నాకు ఎప్పుడూ తెలియనే తెలియదా?

జవాబు – సైకాలజీ పంతులమ్మ

మతిమరుపు కాదు బాబాయిగారూ, కంగారు పడకండి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రెబెకా లాసన్ చాలామందికి ఇదే పరీక్ష పెట్టి 2006లో ఫలితాలు ప్రచురించారు. మీలాగే రెండు చక్రాలకీ చైను తగిలించినవాళ్లు అందులోనూ ఉన్నారు. అంతకుముందు 2002లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు జిప్పు, తాళం, కుట్టుమిషను లాంటివి ఎలా పనిచేస్తాయో ఎంత తెలుసని అడిగి, ముందు మార్కులు వేసుకోమన్నారు. తర్వాత అంచెలంచెలుగా వివరించి రాయమన్నారు. రాశాక తమకు తాము వేసుకున్న మార్కులు తగ్గిపోయాయి. సినిమా కథలూ, దేశాల రాజధానుల విషయంలో ‘నాకు తెలుసు’ అనుకునే ఈ భ్రమ అంతగా లేదు. వస్తువు కళ్లెదుటే ఉంటుంది కాబట్టి, అదంతా మన బుర్రలోనే ఉందనుకుంటాం.

జవాబు – సైకిల్ షాపు వారసుడు

నేను ఒప్పుకోను. మా నాన్న చక్రాన్ని ఒకసారి గిర్రున తిప్పి, చెవి దగ్గరపెట్టి “బేరింగులో బాల్ ఒకటి పోయింది” అనేవాడు. విప్పి చూస్తే పోయే ఉండేది. ఆయన్ని బొమ్మ గీయమంటే దోసకాయలా ఉండే చక్రం గీసేవాడు. అంతమాత్రాన ఆయనకు సైకిల్ తెలియదంటామా? మీకూ అంతే, చైను మీ వేళ్లకు తెలుసు. అయితే మనవడి ముందు “దర్జాగా” గీశారు చూడండి, తప్పు అక్కడుంది. అన్నట్టు, ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు కొస కాస్త ముందుకు వంగి ఉంటుంది. గీసేవాళ్లు ఎక్కువగా దాన్ని తిన్నగా గీస్తారు.

జవాబు – వంటింటి నుంచి

మావారు రోజూ పేపరు మడిచి, దేశం బడ్జెట్ ఎలా వెయ్యాలో నాకు చెబుతారు. ఇది చదివాక కుక్కర్ విజిల్ ఎందుకు వస్తుందో కాగితం మీద రాయమన్నాను. “ఆవిరి...” అని రాసి పావుగంట ఆలోచించారు. తర్వాత నన్ను జిప్పు గురించి అడిగారు. నాదీ అదే గతి. ఆ సాయంత్రం బడ్జెట్ ఊసు రాలేదు. మర్నాడు పొద్దున మళ్లీ మొదలైంది.

పాత పోస్ట్‌మ్యాన్

షాపు బాబూ, దెబ్బ సరిగ్గా తగిలింది. పెరట్లో తుప్పుపట్టిన సైకిల్ ముందు పీట వేసుకుని, చూస్తూ మళ్లీ గీశాను. చైను పెడల్ దగ్గరి పళ్లచక్రం నుంచి వెనక చక్రం మధ్యనున్న పళ్లచక్రం, అదే ఫ్రీవీల్‌కి వెళ్లింది, ఫోర్కు కూడా వంచాను. మనవడికి చూపించాను.

“స్టాండు వెయ్యలేదే? పడిపోతుంది కదా!” అన్నాడు.