బంగ్గాయ్ కార్డినల్ చేపలు, రాతి మీది బొత్తాలు: సలహా కావాలి

ప్రశ్న (మద్దిలపాలెం వాసి)
నమస్కారం. మా ఇంట్లో రెండేళ్ళుగా 200 లీటర్ల ఉప్పునీటి తొట్టె ఉంది. అందులో ఒక జత క్లౌన్ చేపలే ఉన్నాయి. ఇక్కడి దుకాణదారు ఒకరు నాలుగు బంగ్గాయ్ కార్డినల్ చేపలు తెప్పిస్తానంటున్నారు. నల్లచారలు, పొడవాటి రెక్కలు చూసి మా అమ్మగారు ఇవి లయన్ ఫిష్ లాగా విషపు ముళ్ళున్నవేమోనని భయపడుతున్నారు. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది. పైగా పాత రాతి మీద గోధుమరంగు బొత్తాల్లాంటివి విపరీతంగా పెరిగాయి. చేపలు వచ్చేలోగా ఆ రాయిని పెద్ద గిన్నెలో ఉడకబెట్టి శుభ్రం చేద్దామనుకుంటున్నాను. సరైనదేనా?

సమాధానం 1 (ఉప్పునీటి మిత్రుడు)
దయచేసి ఆ రాయిని పొయ్యి మీద పెట్టకండి. మీరు చెప్పిన బొత్తాలు జువాంథిడ్‌లు (పగడాలకు దగ్గరి బంధువులైన మెత్తని సముద్రజీవులు) కావచ్చు. వాటిలో కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. మరిగించినా అది నశించదు, పైగా ఆవిరితో గాలిలోకి లేచి, ఆ గది గాలి పీల్చిన ఇంటిల్లిపాదికీ జ్వరం, దగ్గు, ఆయాసం తెప్పించగలదు. దీనికి విరుగుడు మందు లేదు. బ్రష్‌తో గీకడం, వేడినీళ్ళు పోయడం కూడా అంతే ప్రమాదం. తీసెయ్యక తప్పదనుకుంటే చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, రాయిని నీళ్ళలో ఉండగానే బకెట్‌లోకి మార్చి, ఆరుబయట బ్లీచ్ కలిపిన నీటిలో నానబెట్టండి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం అందులో పొయ్యకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. నా మాట అడిగితే, చేపలకు ఇబ్బంది లేనంతవరకు ఆ రాయిని కదపకపోవడమే మేలు.

సమాధానం 2 (సాగరతీరం)
అమ్మగారికి ధైర్యం చెప్పండి: ఈ చేపకు విషపు ముళ్ళు లేవు, ఎనిమిది సెంటీమీటర్లకు మించి పెద్దగా పెరగదు. అయితే దుకాణదారును ఒక ప్రశ్న అడగండి, ఇవి హేచరీలో పుట్టినవా, సముద్రంలో పట్టినవా అని. ఇండొనేసియాలోని సులవేసి పక్కన ఉన్న బంగ్గాయ్ దీవులే దీని స్వస్థలం. మగచేప గుడ్లనూ పిల్లలనూ దాదాపు నెలరోజులు నోట్లోనే మోస్తుంది. బయటికొచ్చిన పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి మరో దీవి చేరేవి కావు కనుక, ఒకచోట చేపలన్నీ పట్టేస్తే అక్కడ మళ్ళీ నిండడం కష్టం. అందుకే 2007లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. సముద్రంలో పట్టిన వాటిలో చేపలకు ప్రాణాంతకమైన ఇరిడోవైరస్ కూడా కనబడుతుంది. కొత్త చేపలను కనీసం నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచండి. నాలుగింటిలో ఒక జత కుదిరితే మిగిలిన రెంటినీ తరుముతుంది, కాబట్టి రెండే చాలు. ఇవి పొడవాటి ముళ్ళ సీ అర్చిన్ల (ముళ్ళబంతి లాంటి సముద్రజీవుల) మధ్య దాక్కుంటాయని చెప్పి అదీ కొనమంటారేమో. పాప ఉన్న ఇంట్లో వద్దు, అది లేకుండానూ చేపలు హాయిగా బతుకుతాయి.

సమాధానం 3 (ఎలక్ట్రీషియన్)
ఎక్కువమంది మరచిపోయేది కరెంటు. మన తీరపు తేమకు తోడు తొట్టె ఉప్పు పేరుకుని సాకెట్లు పాడవుతాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) పెట్టించండి, వైరు వెంట నీళ్ళు సాకెట్‌లోకి జారకుండా దాన్ని సాకెట్ కంటే కిందికి వంచి పైకి తీయండి, చెయ్యి పెట్టే ముందు స్విచ్ కట్టేయండి. చేతికి కోత ఉంటే అసలు నీళ్ళలో పెట్టవద్దు. తొట్టె నీటి బ్యాక్టీరియా వల్ల వచ్చే చర్మపు గడ్డలు నెలల తరబడి మందులు వాడితే గానీ తగ్గవు. హుద్‌హుద్ తుఫాను (అక్టోబరు 2014) నాటి కరెంటు కోత గుర్తున్నవారు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచుకుంటారు.

ప్రశ్న అడిగినవారు
గిన్నె పొయ్యి మీదికి ఎక్కలేదు, ధన్యవాదాలు. రాయి ఉన్నచోటే ఉంటుంది. దానికి బదులుగా యారాడ తీరంలో ఒక రాయి ఏరుకుందామనుకున్నాను, అది సరేనా?

సమాధానం 2 (సాగరతీరం)
వద్దండీ. దాని మీద గట్టి పగడం గానీ సీ ఫ్యాన్ (విసనకర్ర ఆకారపు పగడం) గానీ ఉంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమవుతుంది. సిరామిక్ రాయి కొనుక్కోండి.