ఎంబీబీఎస్ చదవకుండా కంటి జబ్బుల మీద సైంటిస్ట్ అవ్వొచ్చా?

పర్లాకిమిడి_పిల్ల:
అందరికీ నమస్తే. నేను బీఎస్సీ జువాలజీ ఫైనలియర్. మా నాన్న కొమ్ము బొమ్మలు చేస్తాడు. పోయినేడు ఆయన కుడి కన్ను ఎర్రబడిపోయి, వెలుతురు చూస్తే చాలు నీళ్ళు కారిపోయేవి, కొమ్ము పొడి పడిందనుకున్నాం, తర్వాత కళ్ళకలకేమో అని మందుల షాపులో చుక్కలిస్తే ఇరవై రోజులు అవే వేశాం. చివరికి విశాఖ తీసుకెళ్తే డాక్టరమ్మ మెషీన్లో నాక్కూడా చూపించారు. నల్లగుడ్డు మధ్యలో గుండ్రంగా ఉండాల్సిన కంత వంకరటింకరగా ఉంది, వెనకున్న లెన్సుకి అతుక్కుపోయిందట. ఆవిడ కంటి సంగతి వదిలేసి "పొద్దున్న లేచేసరికి నడుం పట్టేస్తుందా" అని అడిగారు! పదేళ్ళ నుంచీ పట్టేస్తుంది, కూర్చుని చేసే పని కదా అనుకున్నాం. రక్తం టెస్టులో హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్, ఆ నడుం పట్టేసే జబ్బుకీ ఈ కంటి జబ్బుకీ రెండిటికీ లింకున్న జీనట అది. జబ్బు యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాచిపోవడం. ఒంటిని కాపాడాల్సిన కణాలే కంటి మీద పడ్డాయన్నమాట. అప్పట్నుంచీ నాకు ఇదే చదవాలనుంది, కానీ నీట్ రెండుసార్లు పోయింది, ఇంట్లో బీఈడీ చెయ్యమంటున్నారు. డాక్టర్ కాకుండా ఇందులో రీసెర్చ్ చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రాయగడ_టు_హైదరాబాద్:
ఉన్నారు చెల్లీ, నేనూ ఇమ్యునాలజీలో (ఒంటి రక్షణ వ్యవస్థ గురించిన చదువు) పీహెచ్‌డీయే, ఎంబీబీఎస్ కాదు. రేచల్ కాస్పి అని అమెరికాలో నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సైంటిస్ట్ గురించి వెతుకు, ఆవిడ పీహెచ్‌డీయే. రెటీనాలో ఐఆర్‌బీపీ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, కంటి లోపల విటమిన్ ఏ రూపాల్ని అటూ ఇటూ మోస్తుంది. దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చిట్టెలకల్లో (మౌస్) యువైటిస్ తెప్పించే పద్ధతి మీద 1988లో వాళ్ళ టీమ్ పేపర్ వేసింది. అంతకు ముందు పెద్ద ఎలకల్లో (ర్యాట్) చేసేవాళ్ళు, కానీ జీన్లు మార్చి చూడాలంటే చిట్టెలకలే వీలు కదా. అక్కణ్నుంచి దశాబ్దాల పాటు అదే పట్టుకుని, ఏ టి కణాలు (ఒంటిని కాపాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎప్పుడు ఎలా దాడి చేస్తున్నాయో ఒక్కో పొరా విప్పుకుంటూ వచ్చారు. నాకు బాగా నచ్చింది 2015 పేపర్. రెటీనా మీద పడే టి కణాలున్న ఎలకలకి యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగుల్లో బాక్టీరియాని తగ్గిస్తే కంటి జబ్బూ తగ్గింది! ఐఆర్‌బీపీ పేగుల్లో ఉండదు, అయినా ఆ కణాలు అక్కడే రెచ్చిపోతున్నాయి. కన్ను ఎక్కడ, పొట్ట ఎక్కడ!

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, మీ నాన్నగారికి వచ్చింది కంటి ముందు భాగానికి, ఈ ఎలకల్లో ముఖ్యంగా దెబ్బతినేది వెనక రెటీనా. రెండూ ఒకటనుకోకు.

బరంపురం_బాబు:
అయితే పేగులు బాగుంటే కన్ను బాగుంటుందనా, రేపట్నుంచి మూడు పూటలా పెరుగన్నమే 😀 సరదాకన్నాలే గానీ, జీవితమంతా ఎలకల కళ్ళు చూస్తూ కూర్చుంటే మన ఊరి మనిషికి ఒరిగిందేటి?

రాయగడ_టు_హైదరాబాద్:
పెరుగు తిను, చుక్కలు మాత్రం మానకు 😀 ఒరిగింది చెప్తా విను. ఆ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లోనే రాబర్ట్ నుసెన్‌బ్లాట్ అని కంటి డాక్టర్ ఉండేవారు, స్టెరాయిడ్లకి లొంగని యువైటిస్‌కి సైక్లోస్పోరిన్ వాడి చూపించింది ఆయన టీమే, 1980ల్లో. కిడ్నీ మార్చినప్పుడు ఒళ్ళు దాన్ని తోసెయ్యకుండా ఇచ్చే మందది. ముందు జంతువుల్లో చూసే మనుషులకిచ్చారు. 2016లో అడాలిముమాబ్ అని, ఒంటి కణాల దాడిని తగ్గించే ఇంజెక్షన్‌కి అమెరికాలో కొన్ని రకాల యువైటిస్‌కి పర్మిషన్ వచ్చింది. స్టెరాయిడ్లు ఏళ్ళ తరబడి వాడితే శుక్లాలు, గ్లకోమా రావచ్చు, ఆ స్టెరాయిడ్ల వాడకం తగ్గించగలిగితే చాలదా? ఆ ఇంజెక్షన్ ముందు టీబీ టెస్ట్ తప్పనిసరి, లేకపోతే లోపల నిద్రపోతున్న టీబీ లేవొచ్చు. మన వైపు అయితే టీబీ వల్లే యువైటిస్ వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి మనకి మన రీసెర్చ్ కావాలి బాబూ, అన్నీ అమెరికా నుంచి రావు.

గుణుపురం_మాస్టారు:
అమ్మా, బీఈడీ తర్వాతైనా చెయ్యొచ్చు, ముందు ఎమ్మెస్సీ చెయ్యి. బయోటెక్నాలజీకి గ్యాట్-బి అని పరీక్ష ఉంది, రాసి చూడు. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) కొడితే నెలకి 37,000 వస్తుంది, ఇంట్లో ఆ అంకె చెప్పు, సగం గొడవ అక్కడే తీరిపోద్ది. బరంపురంలో ఐసర్ అని కేంద్రం వాళ్ళ సైన్స్ సంస్థ ఉంది, భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది, కన్నే కావాలంటే హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రీసెర్చ్ సెంటరే ఉంది. ఒడియా మీడియమా నువ్వు?

పర్లాకిమిడి_పిల్ల:
అవును మాస్టారూ, ఇంటర్ దాకా. ఇంగ్లీష్ పేపర్లు చదవాలంటే పక్కన డిక్షనరీ ఉండాల్సిందే.

గుణుపురం_మాస్టారు:
నాదీ అంతే, అదేం అడ్డు కాదు. మా అబ్బాయి నెట్‌కి చదివిన పుస్తకాలు అటక మీద ఉన్నాయి, ఇమ్యునాలజీది కూడా ఉంది, వచ్చి పట్టుకెళ్ళు.

పర్లాకిమిడి_పిల్ల:
ఆదివారం గుణుపురం ప్యాసింజర్‌కి వచ్చేస్తా మాస్టారూ. 37,000 మాట నాన్నకి చెప్పాను, నల్ల కళ్ళజోడు తీసి మరీ ఇంకోసారి చెప్పమన్నాడు. ఆయనా వస్తాడట.