నది అవతలి స్టేడియం: హారిసన్‌లో కట్టడం తప్పా, మాన్‌హట్టన్‌వాళ్ల చిన్నచూపా?

పసాయిక్ ఒడ్డు

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, విల్లెట్స్ పాయింట్ దగ్గర న్యూయార్క్ సిటీ ఎఫ్‌సీ అనే సాకర్ జట్టు కోసం 25,000 సీట్ల స్టేడియం కడుతున్నారు. 2027లో తెరుస్తామంటున్నారు. సంతోషమే. కానీ మాన్‌హట్టన్‌లో ఉండే మన మిత్రులు కూడా "ఎట్టకేలకు న్యూయార్క్‌కు ఒక సాకర్ స్టేడియం వస్తోంది" అంటుంటే ఒళ్లు మండుతోంది. 2010 మార్చిలో న్యూయార్క్ రెడ్ బుల్స్ జట్టు కోసం న్యూజెర్సీలోని హారిసన్‌లో తెరిచినదాన్ని మరి ఏమనాలి? అదీ 25,000 మంది పట్టేదే, సాకర్ కోసమే కట్టినదే. గ్యాలరీల మీద పూర్తి కప్పు ఉంది, ముందు వరుసలో కూర్చుంటే కార్నర్ కొట్టే ఆటగాడి ఆయాసం కూడా వినిపిస్తుంది.

మాన్‌హట్టన్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో, హడ్సన్ కిందుగా న్యూజెర్సీకి వెళ్లే పాత్ రైలు ఎక్కితే ఎక్స్‌ఛేంజ్ ప్లేస్, గ్రోవ్ స్ట్రీట్, జర్నల్ స్క్వేర్, ఆ తర్వాత హారిసనే. ఇరవై నిమిషాల పైచిలుకు. టైమ్స్ స్క్వేర్ నుంచి 7 నంబరు రైల్లో విల్లెట్స్ పాయింట్ చేరడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. పైగా ఆ రైలు కూడా నది కిందుగానే పోతుంది. ఈస్ట్ రివర్ దాటితే ఊళ్లో తిరిగినట్టూ, హడ్సన్ దాటితే దేశాంతరం వెళ్లినట్టూ లెక్కేమిటో నాకు అర్థం కాదు. హారిసన్‌లో కట్టడమే తప్పంటారా, లేక ఇదంతా అవతలి ఒడ్డువాళ్ల చిన్నచూపంటారా?

క్వీన్స్ నివాసి

ఒడ్డు గారూ, మ్యాపు చూసి దూరం కొలవకండి. శనివారం రాత్రి ఆట అయిపోయాక హారిసన్ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి కొలవండి. వేల మంది ఒకేసారి ఆ ద్వారంలోకి తోసుకొస్తారు. కదలని వరుసలో పిల్లవాడు భుజం మీద నిద్రపోతుంటాడు. వారాంతంలో రైళ్లు పలచగా వస్తాయి. మిడ్‌టౌన్‌కు వెళ్లేవాళ్లు జర్నల్ స్క్వేర్‌లో దిగి ఇంకో రైలు పట్టుకోవాలి. అక్కడి నుంచి నాలాంటివాడు మళ్లీ 7 రైలు ఎక్కాలి. పాత్‌కు ఒక చార్జీ, సబ్‌వేకు ఇంకో చార్జీ, ఒకదాని టిక్కెట్టు రెండోదానిలో చెల్లదు. నలుగురున్న కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు.

జాక్సన్ హైట్స్, కరోనా పేటల్లో ఈక్వడార్, కొలంబియా, మెక్సికోల నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో మీకు తెలియనిది కాదు. ఆదివారం ఫ్లషింగ్ మెడోస్ పార్కుకు వస్తే బంతి తగలకుండా నడవడమే కష్టం. ఆ జనం ఇంటి పక్కకు స్టేడియం తెస్తుంటే న్యూజెర్సీకి అవమానం జరిగినట్టు బాధపడటం ఎందుకు?

పాత మెట్రోస్టార్

క్వీన్స్‌లో ఆట ఉంది, ఒప్పుకుంటాను. మరి హారిసన్‌లో లేదా? ఆ ఊరిని ఏదో ఖాళీ జాగా దొరికిందని ఎంచుకున్నట్టు మాట్లాడతారు, నాకు చిరాకు తెప్పించేది అదే.

హారిసన్‌ను ఆనుకుని ఈస్ట్ న్యూవార్క్, కెర్నీ ఉన్నాయి. 19వ శతాబ్దంలో క్లార్క్ కంపెనీ అక్కడ దారం మిల్లులు పెట్టి స్కాట్లాండ్ నుంచి పనివాళ్లను రప్పించింది. వాళ్లు ఆటను వెంట తెచ్చారు. ఆ మిల్లు జట్టు ఓఎన్‌టి అమెరికన్ కప్పును మొదటి మూడేళ్లూ, అంటే 1885, 86, 87లలో గెలిచింది. 1885 నవంబరులో అమెరికా జట్టు కెనడాతో ఆడింది కూడా ఈస్ట్ న్యూవార్క్‌లోని ఆ మిల్లు మైదానంలోనే. ఓడిపోయిందనుకోండి, 1-0. వందేళ్ల తర్వాత, నలభై ఏళ్ల విరామం దాటి 1990లో అమెరికా ప్రపంచ కప్‌కు వెళ్లినప్పుడు గోల్‌లో టోనీ మియోలా, మిడ్‌ఫీల్డ్‌లో జాన్ హార్క్స్, టాబ్ రామోస్. ముగ్గురూ ఈ కెర్నీ, హారిసన్ ప్రాంతంలో ఆడుకుంటూ పెరిగినవాళ్లే. ఆట పుట్టి పెరిగినచోటే స్టేడియం కట్టారు.

దానికి ముందు సంగతి కూడా చెప్పాలి. 1996లో దేశ సాకర్ లీగు మొదలైనప్పుడు మా జట్టు, అంటే ఇప్పటి రెడ్ బుల్స్, పేరు న్యూయార్క్/న్యూజెర్సీ మెట్రోస్టార్స్. ఆడింది న్యూజెర్సీలోనే, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని జెయింట్స్ స్టేడియంలో. డెబ్బై వేల పైచిలుకు సీట్లలో మేము ఓ మూల కూర్చుంటే మా కేకలు మాకే తిరిగొచ్చేవి. ఆ కాలం చూసినవాళ్లెవరూ హారిసన్ తప్పు నిర్ణయమని అనరు.

లెక్కల మాస్టారు

చరిత్ర బాగుంది. బిల్లు ఎవరు కట్టారో కూడా మాట్లాడుకుందాం.

స్టేడియం కట్టిన డబ్బు క్లబ్బు యజమాని రెడ్ బుల్ కంపెనీదే. కానీ కింది స్థలం కోసం హారిసన్ పట్టణం 2006లో దాదాపు 4 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేసింది. చదరపు మైలు కంటే కాస్త ఎక్కువ ఉండే ఊరది. ఒకప్పుడు ఎడిసన్ బల్బులు, ఆర్‌సీఏ రేడియో గొట్టాలు, ఓటిస్ లిఫ్టులు, వర్తింగ్టన్ పంపులు తయారైన చోటు. ఫ్యాక్టరీలు పోయాక ఖాళీ షెడ్లు మిగిలాయి. స్టేడియం చుట్టూ అపార్టుమెంట్లు లేస్తాయి, ఆ పన్నులతో అప్పు తీరుతుంది అన్నది ఆలోచన. 2008 మాంద్యం వచ్చింది, అపార్టుమెంట్లు రాలేదు, వాయిదాలు మాత్రం తప్పలేదు. పట్టణం రుణ రేటింగు పెట్టుబడికి పనికిరాని స్థాయికి జారింది. అది చాలదన్నట్టు ఆస్తి పన్ను కట్టాలా వద్దా అని క్లబ్బూ పట్టణమూ కోర్టుకెక్కాయి. టీవీలో మాత్రం "న్యూయార్క్ జట్టు". పేరు అవతలి ఒడ్డుకు, అప్పు ఇవతలి ఒడ్డుకు.

పసాయిక్ ఒడ్డు

మాస్టారూ, మీరు కథను మాంద్యం దగ్గరే ఆపేశారు. ఇప్పుడు హారిసన్ స్టేషన్‌లో దిగి చూడండి. పాత షెడ్ల స్థానంలో వరుసగా అపార్టుమెంట్లు, స్టేషన్ కూడా కొత్తది. 2010లో సుమారు 13,600 ఉన్న జనాభా 2020 నాటికి 19,000 దాటింది. మన తెలుగు కుర్రవాళ్లు అద్దెకు దిగుతున్నారు. జెర్సీ సిటీ అద్దెలు భరించలేనివాళ్లు రెండో మజిలీగా ఎంచుకునే ఊరైంది.

లెక్కల మాస్టారు

మీ కుర్రవాళ్లు ఆట చూడటానికి దిగారా, రైలు కోసం దిగారా? పాత్ స్టేషన్ ఉన్న ప్రతిచోటా భవనాలు లేచాయి. జర్నల్ స్క్వేర్‌లో ఏ స్టేడియం ఉందని అన్ని టవర్లు కట్టారు? ఏడాదిలో పదిహేడు లీగు మ్యాచ్‌లు, మరికొన్ని ఇతర ఆటలు. మిగతా రోజులు ఆ గేట్లకు తాళాలే. ఊరు కోలుకుంటే ఆ ఘనత రైలుకే ఇవ్వండి.

విల్లెట్స్ పాయింట్ గురించి మురిసిపోయేవాళ్లకూ ఒక మాట. అక్కడ కట్టుబడి ఖర్చు, దాదాపు 78 కోట్ల డాలర్లు, క్లబ్బుదే. అయితే స్థలం నగరానిది కనుక ఆస్తి పన్ను ఉండదు. నగర స్వతంత్ర బడ్జెట్ కార్యాలయం అంచనా ప్రకారం 49 ఏళ్లలో అలా పోయే రాబడి 51.6 కోట్ల డాలర్లు. పక్కనే 2,500 చవక ఇళ్లు వస్తాయన్నది దానికి జవాబు. ఆ ఇళ్లు నిజంగా అవసరమైనవే, కాదనను. అయినా "ప్రైవేటు డబ్బుతో కట్టిన స్టేడియం" అన్న మాట విన్నప్పుడల్లా నేను చేసే మొదటి పని, స్థలం ఎవరిదో చూడటం.

గోథమ్ అభిమాని

మహిళల జట్టు మాట ఒక్కరూ ఎత్తలేదు కనుక నేనే ఎత్తుతున్నాను. హారిసన్ మైదానంలోనే గోథమ్ ఎఫ్‌సీ ఆడుతుంది, 2023లో లీగు విజేత. ఆ జట్టు తన పేరు ముందు న్యూజెర్సీ, న్యూయార్క్ రెండూ పెట్టుకుంది, అందులోనూ న్యూజెర్సీయే ముందు. జనం రావడం మానలేదు. కనుక న్యూజెర్సీ అంటే ఎవరూ రారు అన్నది మార్కెటింగువాళ్ల భయమే తప్ప నిజం కాదని నా నమ్మకం. 2006లో రెడ్ బుల్ క్లబ్బును కొన్నప్పుడు పేరులో న్యూయార్క్‌ను మాత్రమే పెట్టింది, న్యూజెర్సీకి చోటివ్వలేదు. ఆ రోజు నుంచే అవతలివాళ్లకు ఇది తమ జట్టు అనిపించలేదు, ఇవతలివాళ్లకూ అనిపించలేదు. చిన్నచూపు అంటారే, అది ముందు క్లబ్బు ఆఫీసులో మొదలైంది.

క్వీన్స్ నివాసి

అమ్మా, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే జెయింట్స్, జెట్స్ జట్లు ఏం చేస్తున్నాయి మరి? ఒకరు 1976 నుంచి, ఇంకొకరు 1984 నుంచి ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో ఆడుతూ న్యూయార్క్ పేరే మోస్తున్నారు. న్యూయార్క్ జనం నది దాటి వెళ్తూనే ఉన్నారు. కనుక నది మీద ద్వేషమేమీ లేదు.

గోథమ్ అభిమాని

అదే నేనూ అనేది అండీ. ఆ ఆటకైతే దాటుతారు, అదీ సీజనుకు ఎనిమిదో తొమ్మిదో ఆదివారాలు. సాకర్‌కైతే అకస్మాత్తుగా హడ్సన్ వెడల్పు పెరిగిపోతుంది. అదే ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని 2026 ప్రపంచ కప్ ఫైనల్ వేదికకు ఫీఫా "న్యూయార్క్ న్యూజెర్సీ స్టేడియం" అని పేరు పెడితే, న్యూజెర్సీ అన్న రెండో ముక్కను మింగేసి చెప్పినవాళ్లను ఎంతమందిని చూశామో! రాజమండ్రివాళ్లకు కొవ్వూరు అవతలి ఒడ్డే గానీ పరాయి ఊరు కాదు. ఇక్కడ ఆ తేడా ఎందుకు చెరిగిపోయిందో ఆలోచించండి.

పాత మెట్రోస్టార్

ఇంకొక నది సంగతి మరిచిపోతున్నారు. హారిసన్‌కు అసలు పక్కనున్నది హడ్సన్ కాదు, పసాయిక్. అవతలి ఒడ్డున న్యూవార్క్‌లోని ఐరన్‌బౌండ్ పేట. ఆట రోజు సాయంత్రం ఫెర్రీ స్ట్రీట్ హోటళ్లలో పోర్చుగీసు, బ్రెజిలు వంటకాలు తిని, ఎర్ర కండువాలు మెడలో వేసుకుని జాక్సన్ స్ట్రీట్ వంతెన మీదుగా గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. డప్పులు ముందు, జెండాలు వెనక. నది దాటాం అన్న స్పృహ వాళ్లలో ఎవరికీ ఉండదు. ఈ స్టేడియానికి నిజమైన ఇరుగుపొరుగు వాళ్లే. క్లబ్బు మాత్రం ఎప్పుడూ ఎంపైర్ స్టేట్ భవనం బొమ్మ వైపే చూసింది.

పసాయిక్ ఒడ్డు

సరిగ్గా చెప్పారు. నివాసి గారికి ఇంకొకటి గుర్తు చేస్తాను. మీరు ఆడే బేస్‌బాల్ మైదానం, యాంకీ స్టేడియం, దొరకనప్పుడు 2020, 2021లలో మీ న్యూయార్క్ సిటీ జట్టు సొంత మ్యాచ్‌లు కొన్ని ఎక్కడ ఆడింది? మా హారిసన్‌లోనే. అప్పుడు రెండు చార్జీలు అడ్డురాలేదా?

క్వీన్స్ నివాసి

అడ్డొచ్చాయి. అందుకే సొంతిల్లు కట్టుకుంటున్నాం. 2016లో యాంకీ స్టేడియంలో మీ చేతిలో 7-0తో ఓడినది కూడా మరిచిపోలేదు. 2027లో మీరే 7 రైలెక్కి రండి. రెండు చార్జీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

పాత మెట్రోస్టార్

వస్తాం. ముందు అతిథి అభిమానులకు ఎన్ని సీట్లు ఇస్తారో, డప్పులు లోపలికి రానిస్తారో లేదో కనుక్కుని చెప్పండి.