రికార్డు చివరి పాటలో ‘స’ వస్తే చాలు గరగర, సూది మార్చాలా?

అమెరికన్ గాయకుడు మార్టీ రాబిన్స్ కౌబాయ్ పాటల ఎల్పీ రికార్డు (గన్‌ఫైటర్ బ్యాలడ్స్ అండ్ ట్రైల్ సాంగ్స్, 1959ది) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆయన సొంతంగా రాసిన బిగ్ ఐరన్, ఎల్ పాసో శుభ్రంగా వినిపిస్తున్నాయి, అవి రెండూ ఒక్కో సైడ్‌లో మొదటివి లెండి. గొడవంతా సైడ్ చివర ఉండే పాత పాటలతోనే, ది స్ట్రాబెర్రీ రోన్, యూటా క్యారల్. గొంతులో ‘స’, ‘ష’ లాంటి శబ్దం వచ్చిన ప్రతిసారీ బుస్సుమని చిరిగినట్టు వస్తుంది, అదీ కుడి స్పీకర్లో ఎక్కువ. గిటార్ ఒక్కటే మోగేటప్పుడు ఏమీ ఉండదు.

డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగా, సూది బ్రష్‌తో తుడిచా, సూది రికార్డు మీద మోపే బరువు 1.8 గ్రాముల నుంచి 2కి పెంచా, యాంటీ స్కేట్ (సూది చేయి లోపలికి లాగకుండా ఆపే సెట్టింగ్) కూడా 2కే పెట్టా, ప్రొట్రాక్టర్ (సూది కోణం చూసుకునే కాగితం స్కేలు) ప్రింట్ తీసి రికార్డు మధ్య నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) సరిచేశా (ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది), అయినా తేడా ఏం లేదు. నాది గుండ్రటి మొన ఉన్న కోనికల్ సూది, దాదాపు 200 గంటలు వాడింది. వేరే ఎల్పీల్లో కూడా చివర్లో కొంచెం ఉంది గానీ ఇంత ఘోరంగా కాదు.

ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) సూది వేస్తే ఇది తగ్గుతుందా, లేక పాత ఓనర్ వాడకంలో గాడులే అరిగిపోయి ఉంటాయా?