సన్యాసి పీతల శిలాజాలు: విడి డెక్క ముక్కలను బట్టి ఎంతవరకు గుర్తించవచ్చు?

ప్రశ్న: గవ్వలపెట్టె (బరంపురం)

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఉంటూ భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మయూర్‌భంజ్ జిల్లాలో బుఢాబలంగ నది ఒడ్డున బయటపడే మయోసీన్ కాలపు బారిపదా పొరల నుంచి ఎప్పుడో తెచ్చిన సున్నపురాయి ముక్కలు మా విభాగంలో ఒక పెట్టెలో ఉన్నాయి. వాటిలో సొరచేప పళ్లు, ఆలిచిప్పలు ఉన్నాయని చీటీ మీద రాసి ఉంది గానీ, అదే రాళ్లలో 17 డెక్క (పీత పట్టుకునే కాలు) ముక్కలు కూడా ఉన్న సంగతి అందులో లేదు. వీటిలో ఏడింటికి అరచేయి భాగం, అంటే వేళ్లకు వెనకున్న వెడల్పు భాగం, మిగిలింది. తక్కినవి వేళ్ల కొసలు మాత్రమే. అన్నిటికంటే పెద్దది 14 మిల్లీమీటర్ల పొడవుంది, కదలని వేలు సగం విరిగింది, బయటి వైపు ఒత్తుగా బుడిపెలు ఉన్నాయి, లెన్సుతో చూస్తే ప్రతి బుడిపె ముందూ ఒక సన్నని గుంట కనిపిస్తోంది.

ఇవి సన్యాసి పీతలవి కావచ్చని నాకు అనిపిస్తోంది. మా సీనియర్ ఒకాయన మాత్రం, విడి డెక్కలు దొరికితే కల్లియానాసా (బొరియ రొయ్యల ప్రజాతి) అని రాసి ఊరుకోవడమే ఆనవాయితీ అంటున్నారు. సన్యాసి పీతల్లో ఎడమ డెక్క పెద్దదైతే డయోజెనిడే కుటుంబం, కుడిది పెద్దదైతే పాగురిడే కుటుంబం అని చదివాను. ఒంటరి ముక్కకు ఆ సూత్రం వర్తిస్తుందా? పెద్దలెవరైనా దయచేసి చెప్పగలరు.

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మీ సీనియర్ గారు చెప్పిన ఆనవాయితీ ఉన్న మాట నిజమే, కానీ దాన్ని పాటించవలసిన అవసరం మీకు లేదు. బొరియలు తవ్వుకుని ఇసుకలో బతికే రొయ్య జాతి జీవులన్నిటినీ చాలాకాలం పాటు కల్లియానాసా అన్న ఒక్క పేరు కిందనే వేశారు. ఆ గంపలో ఇతర జీవుల డెక్కలు కూడా కలిసిపోయి ఉంటాయన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే విషయం. ఈ గందరగోళానికి మూలం శరీర నిర్మాణంలోనే ఉంది. సన్యాసి పీతకు పొట్ట భాగం మెత్తగా, పెంకు లేకుండా ఉంటుంది కాబట్టే అది ఖాళీ గవ్వలో తలదాచుకుంటుంది. సున్నం బాగా పట్టి గట్టిపడేది ప్రధానంగా డెక్కలే. బొరియ రొయ్యలదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. అందువల్ల ఈ రెండు జీవులూ చనిపోయాక బురదలో మిగిలేవి డెక్కలే, అవి కూడా కీళ్ల దగ్గర విడిపోయి మిగులుతాయి. గవ్వలో కూర్చున్న స్థితిలోనే సన్యాసి పీత శిలాజం దొరకడం ఎంత అరుదంటే, ఇంగ్లండులోని యార్క్‌షైర్ తీరంలో స్పీటన్ అనే చోట, సుమారు 13 కోట్ల ఏళ్ల నాటి బంకమట్టిలో, ఒక అమ్మోనైటు (చుట్టలు తిరిగిన పెంకున్న, అంతరించిపోయిన సముద్రజీవి) పెంకులో దొరికిన సన్యాసి పీతను గురించి 2003లో ఫ్రాయె అనే శాస్త్రవేత్త ప్రత్యేకంగా ఒక పరిశోధన వ్యాసమే ప్రచురించారు.

ఇక మీ ముక్కల సంగతి. మొదట అరచేయి అడ్డుకోత ఎలా ఉందో చూడండి. బొరియ రొయ్య అరచేయి పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, ఇంచుమించు చతురస్రంగా ఉంటుంది. పై అంచూ కింది అంచూ పదునుగా తేలి ఉంటాయి, ఉపరితలం చాలావరకు నునుపు, వెంట్రుకలు మొలిచిన గుంటలు అంచుల వెంబడి వరుసగా కనిపిస్తాయి. సన్యాసి పీత అరచేయి సాధారణంగా మందంగా, బయటికి ఉబ్బి ఉంటుంది, అడ్డుకోత అండాకారంగా వస్తుంది, బుడిపెలో ముళ్లో ఉపరితలం మీదికి కూడా వ్యాపిస్తాయి. మణికట్టుతో కలిసే అంచు కూడా ముఖ్యం. బొరియ రొయ్యలో ఆ అంచు దాదాపు నిటారుగా ఉంటుంది, సన్యాసి పీతలో ఏటవాలుగా ఉంటుంది. అసలు పీతల విషయానికి వస్తే వేళ్లు మందంగా ఉంటాయి, వాటి మీద నిలువు గాళ్లు తరచుగా కనిపిస్తాయి. మీరు వర్ణించిన బుడిపెలూ, వాటి ముందున్న గుంటలూ సన్యాసి పీత వైపే మొగ్గు చూపుతున్నాయి. ఆ గుంటల్లోనే బతికినప్పుడు వెంట్రుకలు ఉండేవి. డార్డానస్ ప్రజాతిలో కొన్ని జాతులకు ఈ బుడిపెలు ఒకదానితో ఒకటి కలిసి చేప పొలుసుల్లా అడ్డవరుసలుగా అమరుతాయి. అలాంటి అమరిక మీ ముక్కల్లో ఉందో లేదో చూడండి.

ఒక హెచ్చరిక. రాయి నుంచి ముక్కను విడదీసేటప్పుడు పెంకు పై పొర ఎదుటి రాతికే అతుక్కుని ఊడిపోతూ ఉంటుంది. అప్పుడు మిగిలిన లోపలి పొర మీద బుడిపెలు చదునుగా కనిపిస్తాయి, ఒక్కోసారి అసలు కనిపించవు. కాబట్టి నునుపుగా ఉన్నంత మాత్రాన బొరియ రొయ్య అని తీర్మానించకుండా, ఎదుటి రాతిలో పడిన అచ్చును కూడా లెన్సుతో పరిశీలించండి. ఆమ్లం వాడవద్దు, పెంకూ సున్నమే, రాయీ సున్నమే, రెండూ కలిసే కరిగిపోతాయి. సూది, నీరు, మెత్తని కుంచె చాలు.

ఎడమ, కుడి తేల్చడం కష్టం కాదు. ఉబ్బెత్తుగా, బుడిపెలతో ఉన్న బయటి వైపు మీకు కనబడేలా, కదలని వేలు కిందికీ కదిలే వేలు స్థానం పైకీ వచ్చేలా పట్టుకోండి. వేళ్ల కొసలు మీ ఎడమకు చూపితే అది ఎడమ డెక్క. అయితే ఒంటరి ముక్కకు మీరు చదివిన సూత్రం వర్తించదు, ఎందుకంటే ప్రతి జీవికీ ఎడమదీ కుడిదీ రెండూ ఉంటాయి. ఆ సూత్రం పనికొచ్చేది గుంపు మీద. పెద్ద ముక్కలన్నీ ఎడమవే అయితే డయోజెనిడే వైపు బలమైన సూచన. ఎడమవీ కుడివీ ఇంచుమించు సమానంగా ఉంటే బొరియ రొయ్యలేమోనని మళ్లీ అనుమానించాలి, ఎందుకంటే వాటిలో పెద్ద డెక్క ఒక్కో జీవికి ఒక్కో పక్కన ఉంటుంది. మీ దగ్గరున్న ఏడింటినీ అలా వేరు చేసి చెప్పగలరా?

జవాబు: ప్రాణహిత (సిరొంచ)

మా గడ్చిరోలి జిల్లాలో కోటా పొరల సున్నపురాయి ఉంది, అందులో చేపల పొలుసులు విరివిగా దొరుకుతాయి. వడధం శిలాజ ఉద్యానం చూడటానికి వచ్చిన విద్యార్థులు కొందరు, జురాసిక్ కాలపు రాళ్లే కదా, ఇక్కడ కూడా సన్యాసి పీతలు దొరకవా అని అడుగుతుంటారు. ఆ ఆశ పెట్టుకోవచ్చునా?

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కాలం సరిపోతుంది, చోటు సరిపోదండీ. సన్యాసి పీతలు జురాసిక్ నాటికే ఉన్నాయి గానీ అవి సముద్రపు జీవులు, కోటా పొరలు ప్రధానంగా మంచినీటిలో ఏర్పడినవి. నేటికీ సుమారు 1,100 జాతులలో, తీరపు నేల మీద తిరిగే కొద్దిపాటివి పోను, తక్కినవి దాదాపు అన్నీ ఉప్పునీటిలోనో కయ్యల్లోనో బతుకుతాయి. పూర్తిగా మంచినీటిలో ఉండేదిగా పేరుపడ్డది పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దీవుల్లో కనిపించే క్లిబనారియస్ ఫోంటికోలా ఒక్కటే. మీ వైపు డెక్క లాంటిది ఏదైనా దొరికితే ముందు చేప ఎముకేమో చూడండి.

జవాబు: ఒడ్డువల (గోపాల్‌పూర్)

గవ్వలపెట్టె గారూ, మీరు బరంపురంలో ఉండి పుస్తకంలోని బొమ్మలతో పోల్చుకోవలసిన పని లేదు. గోపాల్‌పూర్ ఒడ్డున మా వాళ్లు వల లాగినప్పుడు చేపలు ఏరుకున్నాక ఇసుకలో వదిలేసే చెత్తలో గవ్వలతో సహా సన్యాసి పీతలు ఎన్నో ఉంటాయి. బతికినవాటిని నీళ్లలో వేసేయండి, చచ్చినవాటిని అడిగి తీసుకోండి, ఎవరూ కాదనరు. తెలుగులోనే అడగవచ్చు, ఈ వాడలో ఇంటింటా తెలుగే.

డయోజెనిస్ ప్రజాతి పీతలు మా దగ్గర బాగా వస్తాయి. వాటికి ఎడమ డెక్క కొట్టొచ్చినట్టు పెద్దది. చిలికా వైపు, ఏటి మొగల దగ్గర క్లిబనారియస్ కనిపిస్తుంది, దానికి రెండు డెక్కలూ దాదాపు సమానం. మీరు గమనించవలసింది ఒకటుంది. క్లిబనారియస్ వేళ్ల కొసలకు గోరు లాంటి నల్లని తొడుగు ఉంటుంది, అది సున్నం కాదు. మంచినీళ్లలో కాసేపు ఉడకబెట్టి ఆరబెడితే ఒక్కోసారి ఆ తొడుగు ఊడిపోతుంది, వేలు మొండిగా మిగులుతుంది. రాతిలో అలాంటి కొస కనిపిస్తే అది విరిగిందనుకోకుండా, తొడుగు పోయిన కొస కావచ్చని కూడా ఆలోచించండి. విరిగిన చోట పెంకు పొరలు బయటపడతాయి, తొడుగు ఊడిన చోట పడవు. మీ పెట్టెలో వేళ్ల కొసలే ఎక్కువ ఉన్నాయన్నారు కనుక ఈ తేడా మీకు అక్కరకు రావచ్చు.

గవ్వలపెట్టె (బరంపురం)

అందరికీ ధన్యవాదాలు. మహేంద్రతనయ గారు చెప్పినట్టే పట్టుకుని చూశాను. బుడిపెలున్నవి ఐదు. వాటిలో పెద్దవి నాలుగూ ఎడమవే. ఐదోది కుడిది, మిగతావాటి కంటే బాగా చిన్నది, కానీ బుడిపెలూ గుంటలూ అవే తీరులో ఉన్నాయి. అడ్డవరుసలుగా అమరిన పొలుసుల ఆకారం మాత్రం దేనిలోనూ లేదు, బుడిపెలు విడివిడిగానే ఉన్నాయి. నునుపైనవి రెండు, ఒకటి ఎడమది, ఒకటి కుడిది. రెండూ పలచగా ఉన్నాయి, అంచులు పదును, ఒకదాని కింది అంచు వెంట గుంటల వరుస స్పష్టంగా ఉంది. ఎదుటి రాతి అచ్చులోనూ బుడిపెలు లేవు. ఇప్పుడు బుడిపెలున్నవాటిని డార్డానస్ కాదు, డయోజెనిస్ అని రాయవచ్చా?

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నునుపైన రెండింటి విషయంలో మీ సీనియర్ గారి మాటే నెగ్గింది, అవి బొరియ రొయ్యలవే. తక్కిన ఐదూ సన్యాసి పీతలవని నేను కూడా అంటాను, చిన్న కుడి డెక్క మీద అదే బుడిపెల తీరు ఉండటం నాకు అన్నిటికంటే నచ్చిన ఆధారం.

ప్రజాతి పేరు మాత్రం రాయవద్దు. పెద్ద డెక్క ఏ పక్కనైనా ఉండే జీవిలో నాలుగింటికి నాలుగూ ఎడమవే రావడానికి పదహారింట ఒక వంతు అవకాశం ఉంది, అది తీసిపారేయదగ్గంత చిన్నది కాదు. పైగా ఈ జీవులు పెంకు విడుస్తూ పెరుగుతాయి కాబట్టి నాలుగు డెక్కలంటే నాలుగు పీతలని కూడా అర్థం కాదు. సూత్రానికి మినహాయింపులూ ఉన్నాయి: డయోజెనిడే కుటుంబంలోనే పెట్రోకైరస్‌కు కుడి డెక్కే పెద్దది, పాగురిస్టిస్‌కు రెండూ దాదాపు సమానం. పొలుసుల అమరిక లేకపోవడం వల్ల డార్డానస్‌లో కొన్ని జాతులు మాత్రమే తొలగిపోతాయి, ప్రజాతి మొత్తం తొలగిపోదు. చీటీ మీద "డయోజెనిడే కావచ్చు, ప్రజాతి నిర్ధారణ కాలేదు" అని రాసి, ఐదు అరచేతులకూ విడి సంఖ్యలు ఇచ్చి, ఏ ముక్క ఏ రాతిలోదో పక్కనే నమోదు చేయండి. వేళ్ల కొసలు ఏ అరచేతివో తేలేవరకు వాటిని వేరే డబ్బాలో ఉంచండి.

అదే రాళ్లలో నత్తగవ్వలు ఉంటే వాటినీ వదలవద్దు. గవ్వ నోటి లోపల, బతికిన నత్త ఉండగా పెరగడానికి వీల్లేని చోట, బ్రయోజోవా (గుంపుగా పెంకులకు అతుక్కుని పెరిగే చిన్న సముద్రజీవులు) పేరుకుని ఉందేమో, నేల మీద ఈడ్చిన వైపు ఒకే చోట అరిగిందేమో చూడండి. గవ్వ నడిమి కాడను చుట్టుకుని పోయే సన్నని పురుగు తొలుపు కనిపిస్తే అది హెలికోటాఫ్రిక్నస్ కావచ్చు. సన్యాసి పీతలు కాపురమున్న గవ్వల్లోనే దాన్ని ప్రధానంగా గుర్తిస్తారు. ఏటవాలు వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, బయటి వైపు, లోపలి వైపు, మణికట్టు అంచు మూడు ఫోటోలు ఇక్కడ పెడితే మిగతా సంగతి మాట్లాడుకుందాం.