సమస్యాపూరణం: పెద్దవాడు పెరిగి పిల్లడాయె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. సమస్యగా ఇచ్చిన ఈ పాదం నాలుగోదిగా రావాలి, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

పెద్దవాడు పెరిగి పిల్లడాయె

విషయం, కాలేజీ కుర్రాడు జీవితం నేర్చుకునే నవలకు వచ్చిన రెండో భాగం. మొదటి భాగంలోనే ఎదిగినవాడు ఇంకేం ఎదుగుతాడన్నదే చిక్కు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (లఘుగురువుల చిన్న, పెద్ద గుంపులు). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో అది మైత్రి కుదరాలి. ప్రాస టెన్షన్ లేదు.

పూరణ 1

మొదటి భాగమపుడు మురిసి చదివినట్టి
నేనె తలయు నెరిసి నేడు మలిది
చేతబట్టి మరల జేరితి కాలేజి
పెద్దవాడు పెరిగి పిల్లడాయె

నిర్వాహకుడు: ఊహ బాగుంది మాస్టారూ. రెండు భాగాల మధ్య కథానాయకుడికి ఏడాదో రెండేళ్లో గడిస్తే, చదివేవాడికి సగం జీవితం గడిచిపోవచ్చు. కానీ "నేనె", "చేరితి" అని మొదలుపెట్టి సమస్య దగ్గరికొచ్చేసరికి "ఆయె" అన్నారు. ఉత్తమపురుష ప్రథమపురుషకు అతకలేదు. రెండో పాదం "నేస్తమొకడు తలయు నెరిసి మలిది", మూడో పాదం "చేతబట్టి మరల జేరె గళాశాల" అంటే గణాలూ యతీ చెడవు, అన్వయమూ కుదురుతుంది.

పూరణ 2

నాన్న మంచమెక్కె, నడిపె బుత్రుడె యిల్లు
పగలు చదువు, రేయి పనియు జేసి;
మందు బట్టి కొడుకు మరల దుడిచె మూతి
పెద్దవాడు పెరిగి పిల్లడాయె

నిర్వాహకుడు: ఇది నాకు బాగా నచ్చింది. అందరూ "పెద్దవాడు" అంటే కుర్రాడే అనుకుంటారు, ఈవిడ తండ్రిని చేశారు. ఎదిగింది కొడుకని పద్యంలో ఎక్కడా అనలేదు, మూతి తుడవడంలోనే తెలిసిపోయింది. ఒక్క "మరల" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. "మమత దుడిచె" అనండమ్మా.

సభ్యురాలు: "మమత" పెడితే తుడిచే పని వెనక్కిపోతుందేమో గురువుగారూ?

నిర్వాహకుడు: నిజమే. ఇంకో మాట వెతకండి, "మరల" మాత్రం వద్దు.

పూరణ 3

అమ్మ పోయె, నాలి యపును విడిచి చనె,
పట్నమందు చదువు పాతబడియె;
కాజలునకు జూపె గన్న యూరును నేడు
పెద్దవాడు పెరిగి పిల్లడాయె

నిర్వాహకుడు: బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల "అపరాజితో" కదా! 1929లో పుస్తకంగా వచ్చిన "పథేర్ పాంచాలి"కి కొనసాగింపు. కథానాయకుడు అపు కలకత్తా కాలేజీలో చేరతాడు, తల్లి పోతుంది, భార్య అపర్ణ కాన్పులో పోతుంది. చివరికి కొడుకు కాజల్‌ను వెంటబెట్టుకుని సొంత ఊరు నిశ్చిందిపూర్‌కు వస్తాడు. కొడుకు కళ్లతో ఊరిని చూసే తండ్రికి ఈ సమస్య చక్కగా సరిపోయింది. "చదువు పాతబడియె" అన్నది మంచి మాట. అయితే మొదటి పాదంలోనే రెండు చావులు, ఊపిరి తీసుకునే సందు లేదు. నవల చదవనివాళ్లకు కాజల్ ఎవరో తెలియదు కూడా.

మరో సభ్యుడు: తెలియకపోతే చదువుతారులెండి!

నిర్వాహకుడు: పద్యం అర్థం కావాలంటే ముందు రెండు నవలలు చదవమంటారా? "కాజలునకు" తీసి "కన్నకొడుకు" వచ్చేలా పాదాన్ని మళ్లీ కట్టండి. యతికి ఇబ్బంది ఉండదు.